పాత పాట మీద మమకారం మంచిదేనా?

"కొత్తొక వింత, పాతొక రోత" అని సామెత. కానీ మా ఇంట్లో, మా వీధిలో, మా బడి వార్షికోత్సవంలో పెద్దవాళ్ల మాటలు వింటే ఈ సామెత తలకిందులైనట్టు ఉంటుంది. వాళ్లకు పాతదే వింత, కొత్తదే రోత. పాత సినిమా పాటలు, పాత పండగలు, పాత మాస్టార్లు, పాత రుచులు. "ఆ రోజులే వేరు" అని ఒకరు మొదలుపెడితే చాలు, ఇంకొకరు అందుకుంటారు. మేము పిల్లలం వింటూ కూర్చుంటాం. ఆ రోజుల్లో మేము లేము కదా, కాబట్టి ఎదురు మాట్లాడే హక్కు మాకు లేదన్నట్టే ఉంటుంది.

నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉంది. పాతదాని మీద మమకారం మంచి గుణమా, కాదా? అది పోయినవాళ్ల పట్ల కృతజ్ఞతా, లేక ఉన్నవాళ్ల పట్ల చిన్నచూపా? దీని వెనకే ఇంకో ప్రశ్న కూడా ఉంది. నేను పుట్టకముందు, నేను ఎన్నడూ చూడని దేశంలో వాయించిన ఒక పాట వింటే నాకు బెంగ లాంటిది కలుగుతుంది. నాది కాని కాలం కోసం నేను బెంగపడటం నిజమైన భావమేనా, లేక ఉత్త నటనా?

ఇలాంటి ప్రశ్నల గురించి ఊరికే ఆలోచిస్తే ఎటూ తేలదు. చేతికి అందే ఉదాహరణ ఒకటి కావాలి. నేను తీసుకున్న ఉదాహరణ స్టీల్‌బ్యాండ్ సంగీతం, దాని పాత రికార్డులు.

స్టీల్‌బ్యాండ్ అంటే మన పత్రిక చదివేవాళ్లలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. దక్షిణ అమెరికాలో వెనెజులా తీరానికి దగ్గరగా ట్రినిడాడ్ అనే ద్వీపం ఉంది. ట్రినిడాడ్, టొబాగో రెండూ కలిసి ఒక దేశం. అక్కడ పుట్టిన వాద్యం స్టీల్‌పాన్. అక్కడివాళ్లు దాన్ని పాన్ అనే అంటారు. నూనె నింపే 55 గాలన్ల ఇనుప డ్రమ్ము తీసుకుని, దాని అడుగు భాగాన్ని సుత్తితో కొట్టి కొట్టి గిన్నెలా లోపలికి దించుతారు. ఆ గిన్నెలో ఒక్కో స్వరానికి ఒక్కో చోటు గీసి, మంట మీద కాల్చి, మళ్లీ చిన్న సుత్తితో తట్టి స్వరం పట్టిస్తారు. చివర రబ్బరు తొడిగిన పుల్లలతో వాయిస్తారు. పలచగా, తీయగా పలికే టెనార్ పాన్ దగ్గర్నించి, ఒక్క మనిషి 6 డ్రమ్ములో, ఇంకా ఎక్కువో చుట్టూ పెట్టుకుని వాయించే బాస్ దాకా రకరకాల పాన్‌లు ఉంటాయి. అన్నీ కలిసి వాయిస్తే అది స్టీల్‌బ్యాండ్.

ఈ వాద్యం సరదాకి పుట్టింది కాదు. ట్రినిడాడ్‌లో చెరకు తోటల కోసం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, విముక్తి వచ్చాక కార్నివాల్ పండగను తమ పండగగా చేసుకుంది. డోలు వాళ్లకు ప్రాణం. 1881లో కార్నివాల్ రోజున పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో పోలీసులకూ జనానికీ మధ్య పెద్ద ఘర్షణ జరిగింది. ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం డోళ్ల మీద ఆంక్షలు పెట్టింది. డోలు వద్దంటే జనం వెదురు బొంగులు కోసి, నేలకు కొట్టి లయ పలికించారు. 1930లలో బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు, చెత్త డబ్బాల మూతలు వచ్చాయి. డబ్బాను ఒక్కో చోట కొడితే ఒక్కో రకంగా పలుకుతుందని కనిపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నూనె డ్రమ్ములు చేతికందాయి. విన్‌స్టన్ "స్ప్రీ" సైమన్, ఎలీ మానెట్, నెవిల్ జూల్స్, ఆంథనీ విలియమ్స్ అనే పేర్లు ఈ చరిత్రలో ముందు వినిపిస్తాయి. వీళ్లెవరూ సంగీత కళాశాలలో చదివినవాళ్లు కాదు. పేదపేటల కుర్రాళ్లు.

ఆ కుర్రాళ్లకు అప్పట్లో దక్కిన గౌరవం ఏమిటి? రొద అన్నారు. రౌడీలన్నారు. పాన్ వాయించాడని తెలిస్తే ఇంట్లో దెబ్బలు పడేవి. ఆడపిల్ల పాన్ యార్డు వైపు వెళ్లడమే తప్పు. రొద భరించలేమని పత్రికలకు ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. బ్యాండ్ల మధ్య కొట్లాటలు కూడా నిజంగానే జరిగేవి. ఇన్‌వేడర్స్, కాసాబ్లాంకా, డెస్పరాడోస్, రెనిగేడ్స్ లాంటి పేర్లు చూడండి, చాలావరకు యుద్ధం సినిమాల నుంచీ కౌబాయ్ సినిమాల నుంచీ వచ్చినవే. ఈ వ్యవహారం ఏం చేయాలో చూడమని 1949లో ప్రభుత్వం ఒక కమిటీ కూడా వేసింది.

రెండేళ్లు తిరిగేసరికి, 1951లో, వేర్వేరు బ్యాండ్ల నుంచి మేటి వాద్యగాళ్లను ఏరి ఒకే జట్టు చేసి లండన్‌లో జరిగే బ్రిటన్ ఉత్సవానికి పంపించారు. ఆ జట్టును టాస్పో అంటారు. దాన్ని నడిపిన జోసెఫ్ గ్రిఫిత్ పోలీసు బ్యాండులో పనిచేసిన సంగీతజ్ఞుడు. పాన్‌లకు అన్ని అర్ధస్వరాలూ ఉండాల్సిందే అని పట్టుబట్టి చేయించాడు. తుప్పు పట్టిన డ్రమ్ములు చూసి నవ్వినవాళ్లు, పాట మొదలయ్యాక నోరెళ్లబెట్టారని చెబుతారు. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1963లో పానరామా అనే పెద్ద పోటీ మొదలైంది. ఆంథనీ విలియమ్స్ నడిపిన నార్త్ స్టార్స్ మొదటి రెండేళ్లూ గెలిచింది. 1992లో పాన్‌ను జాతీయ వాద్యంగా ప్రకటించారు. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది. దెబ్బలు తిన్న వాద్యం ఇంత దూరం వచ్చింది.

ఇక రికార్డుల సంగతి. 1950లలో ఎమరీ కుక్ అనే అమెరికన్ సౌండ్ ఇంజనీరు కరీబియన్ దీవులకు మంచి యంత్రాలు తీసుకెళ్లి, స్టీల్‌బ్యాండ్లను రికార్డు చేసి అమ్మాడు. ఆంటిగ్వా దీవికి చెందిన బ్రూట్ ఫోర్స్ అనే బ్యాండు కూడా అలాగే ప్రపంచానికి తెలిసింది. ఆ తర్వాత 1960లలో, 70లలో చాలా ఎల్‌పీలు వచ్చాయి. యూరప్ వాల్ట్జ్‌లు, ఆ ఏటి కలిప్సో పాటలు, సినిమా పాటలు, అన్నీ పాన్ మీద వాయించి ఎక్కించారు. ఇప్పటికీ వాటిని వెతికి కొనేవాళ్లు, గరగర శబ్దం తుడిచి జాగ్రత్త చేసేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది మాట ఒకటే. "ఆ పాన్ గొంతు ఇప్పుడు లేదు."

ఈ మాట నేను మొదట విన్నది మా ఇంట్లోనే. మా తాత సరుకు ఓడల్లో చాలా ఏళ్లు పనిచేశారు. ట్రినిడాడ్ రేవులో ఓడ ఆగినప్పుడు కొన్న ఒక ఎల్‌పీ ఆయన ట్రంకుపెట్టెలో ఉండేది. అట్ట సగం చెదలు తినేసింది, బ్యాండు పేరు ఉన్న సగమే పోయింది. మా మామ దాన్ని ఎక్కడో ఎక్కించుకుని వచ్చి ఫోనులో వేసిచ్చాడు. అప్పటి నుంచి సాయంత్రం పూట తాత వింటుంటే నేనూ వింటుంటాను. గిన్నెల దుకాణంలో వాన కురిసినట్టు మొదలై, ఆ వానలోంచి ఒక రాగం నెమ్మదిగా పైకి లేస్తుంది. నేను చూడని ఆ రేవు మీద నాకు బెంగ పుట్టింది అలాగే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. పాత రికార్డుల మీద మమకారం మంచిదే అనడానికి బలమైన కారణాలు ఉన్నాయి.

మొదటిది, స్టీల్‌బ్యాండ్ సంగీతం చాలావరకు కాగితం మీద లేదు. పాటను పాన్‌లకు మలిచేవాడిని అరేంజర్ అంటారు. ఆయన పాన్ యార్డులో నిలబడి, ఒక్కో ముక్క వాయించి చూపించి, లేదా నోటితో పలికి, ఒక్కో వరసకు నేర్పిస్తాడు. వాద్యగాళ్లు చెవితో పట్టి, చేతుల్లో దాచుకుంటారు. మన దగ్గర గురువు చెబితే శిష్యుడు పట్టినట్టే. ఆ చేతులు పోతే పాట కూడా పోతుంది. రికార్డు ఒక్కటే సాక్ష్యం.

రెండోది, పాన్ గొంతు దాన్ని చేసినవాడి చేతిని బట్టి ఉంటుంది. ఆ రోజుల్లో ఒక్కో బ్యాండుకు ఒక్కో ట్యూనర్. స్వరాలు ఏ వరసలో ఉండాలన్నది కూడా ఎవరికి వారే. ఒక బ్యాండులో వాయించేవాడు ఇంకో బ్యాండు పాన్ ముందు నిలబడితే చేతులు తడబడేవి. కళ్లు మూసుకుని విన్నా ఇది ఫలానా బ్యాండు అని చెప్పగలిగేవాళ్లు ఉండేవారట. తర్వాత తర్వాత స్వరాల అమరిక ఒక పద్ధతిలోకి వచ్చింది. అది మంచిదే. కానీ ఆ వేర్వేరు గొంతులు తగ్గాయి. ఎలీ మానెట్ 2018లో చనిపోయాడు. ఆయన చెయ్యి తట్టిన ఇనుము ఎలా పలికేదో ఇక రికార్డే చెప్పాలి.

మూడోది కృతజ్ఞత. దెబ్బలు తిని ఒక వాద్యం కనిపెట్టిన కుర్రాళ్లను మరిచిపోవడం అన్యాయం. ఎమరీ కుక్ తన రికార్డులన్నింటినీ 1990లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఇచ్చేశాడు. అందువల్ల అవి ఈ రోజు కూడా వినడానికి దొరుకుతున్నాయి. పాతదాన్ని ప్రేమించేవాళ్లు లేకపోతే ఈ పని ఎవరు చేస్తారు?

ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

ఒక రోజు నేను ఈ మధ్యకాలపు పానరామా రికార్డింగు ఒకటి తాతకు వినిపించాను. వందమంది దాకా వాద్యగాళ్లు, ఎనిమిది నిమిషాల పాట, ఊపిరి తిప్పుకోనివ్వని వేగం. రెండు నిమిషాలు కాకముందే తాత చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆపమ్మా. ఇది పాటా? ఒట్టి రొద. ఎవరో తరుముతుంటే పరిగెత్తినట్టుంది."

"తాతా, నీ రికార్డు వాయించినవాళ్లను కూడా అప్పట్లో రొద అనే అన్నారట" అన్నాను.

తాత నవ్వారు గానీ ఒప్పుకోలేదు. "అన్నవాళ్లకు చెవుల్లేవు" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ప్రతి తరానికీ తన ముందు తరం చెవిటిదిగానూ, తన తర్వాతి తరం రొదగానూ కనిపిస్తుందా? అప్పుడు తీర్పు చెప్పేది చెవా, వయసా?

చరిత్ర చూస్తే, ఈ రోజు మనం పాత బంగారం అంటున్న ప్రతిదీ ఆ రోజు ఎవరికో కోపం తెప్పించిన కొత్తే. వెదురు వాయించేవాళ్లకు డబ్బా కొత్త. డబ్బా వాయించేవాళ్లకు నూనె డ్రమ్ము కొత్త. ఆంథనీ విలియమ్స్ స్వరాలను సాలెగూడులా కొత్త వరసలో అమర్చాడు, పక్కపక్క స్వరాలు ఒకదానికొకటి తోడుగా మోగేలా. ఈ రోజు టెనార్ పాన్‌లలో ఎక్కువ వాడేది ఆ దారిలో వచ్చిన అమరికే. 1960లలో పెట్రోలు కంపెనీలు, విమాన కంపెనీలు బ్యాండ్లకు డబ్బిచ్చి తమ పేర్లు తగిలించాయి. పాన్ యార్డు అమ్ముడుపోయిందని బాధపడ్డవాళ్లు ఉన్నారు. ఆ కంపెనీల పేర్లున్న రికార్డులనే ఇప్పుడు స్వర్ణయుగం అంటున్నారు. 1972లో రే హోల్మన్ అనే అరేంజర్ స్టార్‌లిఫ్ట్ బ్యాండుకు, ఆ ఏటి కలిప్సో పాట కాకుండా, తాను సొంతంగా కట్టిన పాట వాయింపించాడు. పానరామాకు సొంత పాటేమిటి అని పెద్ద వాదన జరిగింది. ఈ రోజు ఆ పని చేసినందుకే ఆయన్ను గౌరవిస్తారు.

అంటే, ఆ కుర్రాళ్లు పాతదాన్ని అలాగే పట్టుకుని కూర్చుని ఉంటే మనం ప్రేమించడానికి ఈ పాతది ఉండేదే కాదు. వాళ్ల రికార్డును చూపించి ఇప్పటి కుర్రాళ్లను "మీకు రాదు" అని కొడితే, 1940లలో వాళ్లను కొట్టినవాళ్ల పక్కన మనం నిలబడ్డట్టే అవుతుంది.

రికార్డుతో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రికార్డు నిజమే చెబుతుంది గానీ అంతా చెప్పదు. 78 తిరుగుళ్ల రికార్డు ఒక పక్క మూడు నిమిషాలకు మించి పట్టదు. వీధి వెంట గంటల తరబడి సాగే పాటను మూడు నిమిషాలకు కత్తిరించారు. ఏ బ్యాండును ఎక్కించాలో యంత్రం ఉన్నవాడే నిర్ణయించాడు. ఎక్కని బ్యాండ్లు ఎన్నో. వాయించడానికి ఇష్టం ఉండి కూడా ఇంట్లో ఒప్పుకోక ఆగిపోయిన ఆడపిల్లల పాట ఏ రికార్డులోనూ లేదు. 1950ల మొదట్లో గర్ల్ పాట్ అనే ఆడపిల్లల బ్యాండు ధైర్యంగా ముందుకొచ్చింది గానీ, అలా రాగలిగినవాళ్లు కొద్దిమందే. ఈ రోజు పానరామాలో వాయించేవాళ్లలో ఆడవాళ్లు ఎంతోమంది. నాలాంటి ఆడపిల్ల "ఆ రోజులే మంచివి" అని ఊరికే అనేయగలదా? ఆ రోజుల్లో నేను ట్రినిడాడ్‌లో పుట్టి ఉంటే, ఆ పాటను గోడ అవతలి నుంచే వినాల్సి వచ్చేది. పోలీసు లాఠీ, నాన్న బెత్తం, కొట్లాటలో పగిలిన తలలు, ఇవేవీ ఎల్‌పీలో వినిపించవు. తీపి మాత్రమే మిగులుతుంది. మనకు బెంగ ఆ తీపి మీదే.

కానీ ఇక్కడ నాకు నేనే ఒక ఎదురు ప్రశ్న వేసుకోవాలి. నిజంగా పోయినవి ఏమీ లేవా? అంతా పెద్దవాళ్ల భ్రమేనా? అలా అనడం కూడా అన్యాయమే. పోయినవి ఉన్నాయి. ఒకప్పుడు కార్నివాల్ రోజు వీధుల్లో జనాన్ని నడిపించింది స్టీల్‌బ్యాండ్లే. తర్వాత లారీల మీద పెద్ద పెద్ద స్పీకర్లు వచ్చాయి. ఆ మోత ముందు పాన్ వినపడదు. స్టీల్‌బ్యాండ్ చాలావరకు వీధి వదిలి పోటీ వేదిక ఎక్కింది. పోటీలో మార్కులు కావాలి కాబట్టి వేగం పెరిగింది, హంగులు పెరిగాయి. నెమ్మదిగా వాయించి, వీధి మలుపు తిరిగే దాకా ఒకే రాగాన్ని సాగదీసే ఓపికకు చోటు తగ్గింది. ఇది మా తాత ఒక్కరి మాటే కాదు, పాన్ వాయించేవాళ్లలోనే చాలామంది చెప్పే మాట. వయసు మీదకు నెట్టేస్తే ఈ మాటకు జవాబు చెప్పినట్టు కాదు.

కొన్ని రోజుల తర్వాత తాతే మళ్లీ ఆ విషయం ఎత్తారు. "రికార్డు గొప్పదని కాదమ్మా. నాతో పాటు రేవులో ఆ పాట విన్నవాళ్లు అయిదుగురం. నేనొక్కడినే మిగిలాను. అది వింటే వాళ్ల మాటలు కూడా వినిపిస్తాయి" అన్నారు.

అప్పుడు నాకు ఒక విషయం అర్థమైంది. మమకారం అని మనం ఒకే పేరు పెట్టినా లోపల మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. పోయిన మనుషుల కోసం బాధ ఒకటి. వాళ్లు చేసిన పని నిలబెట్టాలన్న బాధ్యత ఒకటి. ఇప్పటివాళ్ల మీద తీర్పు ఒకటి. తాతకు ఉన్నది బాధ. నోటి నుంచి వచ్చింది తీర్పు. "వాళ్లు గుర్తొస్తున్నారు" అని చెప్పడం కష్టం, "ఇది పాటా?" అనడం తేలిక. పెద్దవాళ్లు చాలాసార్లు బాధను చెప్పుకోలేక తీర్పు చెబుతారేమో. పిల్లలం బాధ వినలేక తీర్పుకు జవాబిస్తామేమో. బాధకు ఎవరూ అడ్డు చెప్పరు. బాధ్యతకు చెయ్యి కలిపేవాళ్లు కూడా దొరుకుతారు. తీర్పు ఒక్కటే మనుషుల్ని దూరం చేస్తుంది.

ఇది మన బడికి సంబంధం లేని విషయం అనుకోకండి. తమిళనాడులో తెలుగు మాధ్యమంలో చదువుకునే మనకు ఈ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. పూర్వవిద్యార్థులు వచ్చినప్పుడల్లా "మా రోజుల్లో బెంచీకి అయిదుగురం కూర్చునేవాళ్లం, మా రోజుల్లో తెలుగంటే తెలుగే" అంటారు. నిజమే, ఇప్పుడు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. మా మాటల్లో తమిళం కలుస్తుంది. భోజనం దగ్గర "పోదుం అవ్వా" అనేస్తాం, "చాలు" అని నోటికి రాదు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ "ఇదేం తెలుగు?" అని నలుగురిలో అనిపించుకున్న పిల్ల, మర్నాటి నుంచి తెలుగు బాగు చేసుకోదు. తెలుగు మాట్లాడటమే మానేస్తుంది. పాన్ యార్డుకు వచ్చిన పదేళ్ల పిల్లను "నీకు ఆ పాత స్వరం రాదు, పో" అంటే ఆ వాద్యం ఎన్నాళ్లు బతుకుతుంది? ట్రినిడాడ్‌వాళ్లు అలా అనలేదు. బడిపిల్లల కోసమే జూనియర్ పానరామా పెట్టుకున్నారు. అక్కడ పిల్లలు తప్పులు వాయిస్తారు, నేర్చుకుంటారు.

ఇక రెండో ప్రశ్న మిగిలింది. నాది కాని గతం కోసం నేను బెంగపడవచ్చా?

దీనికి ట్రినిడాడ్ చరిత్రలోనే ఒక జవాబు ఉంది. 1845 నుంచి 1917 వరకు లక్షా నలభై వేలకు పైగా భారతీయులను చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద ఆ ద్వీపానికి తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లినా, మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అలా వెళ్లిన భారతీయుల సంతతిలో 1950లో పుట్టినవాడు జిత్ సమరూ. స్టీల్‌పాన్ ఆయన పూర్వీకుల వాద్యం కాదు. ఆఫ్రికా సంతతివాళ్లు దెబ్బలు తిని సాధించుకున్న వాద్యం. కానీ ఆయన చిన్నప్పుడే దాన్ని పట్టుకున్నాడు, తోబుట్టువులతో కలిసి బ్యాండు పెట్టాడు, రెనిగేడ్స్‌కు అరేంజర్ అయ్యాడు. 1982 నుంచి 1997 లోపల ఆ బ్యాండు 9 సార్లు పానరామా గెలిచింది. తొమ్మిదిసార్లూ అరేంజర్ ఆయనే. చివరి మూడూ వరసగా 1995, 1996, 1997లో గెలిచినవి. 2016లో ఆయన చనిపోయినప్పుడు అది మా వాద్యం, నీది కాదు అని ఎవరూ అనలేదు. దేశమంతా తమవాడని ఏడ్చింది.

దీన్నిబట్టి నాకు తోచేది ఇది. వారసత్వం రక్తంతోనే రాదు, పనితో కూడా వస్తుంది. ఎంత ప్రేమిస్తున్నామని కాదు, ఆ ప్రేమతో ఏం మోస్తున్నామని చూడాలి. నేను ఊరికే పాత రికార్డు విని నిట్టూరిస్తే అది ఉత్త సరదా. ఆ పాట వెనక ఎవరున్నారో తెలుసుకుంటే, ఇంకొకరికి చెబితే, వాళ్ల లాగే నా చేతికందిన డబ్బా నుంచి నేనూ ఒక స్వరం పట్టడానికి ప్రయత్నిస్తే, అప్పుడు ఆ బెంగకు కొంత అర్హత వస్తుంది.

ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు తెలిసిన రెండు విషయాలు చెప్పి ముగిస్తాను. పానరామాలో ఇప్పటికీ ఒక విభాగం పాత పద్ధతి బ్యాండ్ల కోసం ఉంది. ఒక్కొక్కరు ఒక్క పాన్ మాత్రమే, పూర్వం వీధిలో మెడకు తగిలించుకుని నడిచిన తీరులో వాయిస్తారు. వాళ్లు పాతదాన్ని అద్దాల బీరువాలో పెట్టలేదు, మెడలో వేసుకున్నారు. వాళ్లు వాయించేది పాత రికార్డులో ఉన్నట్టే ఉండదు. ఉండనవసరం లేదు.

రెండో విషయం పాన్ గురించి. ఎంత మంచి పాన్ అయినా వాయించగా వాయించగా స్వరం తప్పుతుంది. అప్పుడు ట్యూనర్ వచ్చి, చెవి ఆనించి విని, సుత్తితో మెల్లగా తట్టి మళ్లీ స్వరం పట్టించాలి. రికార్డుకు ఈ బాధ లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ వాయించడం లేదు. మా తాత రికార్డును నేను జాగ్రత్తగానే దాస్తాను. కానీ స్వరం తప్పిన పాన్‌ను చూసి "ఆ రోజుల్లో ఇలా ఉండేది కాదు" అంటూ కూర్చునేవాళ్ల కంటే, పక్కన కూర్చుని సుత్తి అందించేవాళ్లే ఆ పాత కుర్రాళ్లకు దగ్గరివాళ్లు అని నా అభిప్రాయం. మన బడికి వచ్చే పెద్దలను నేను అడిగేది కూడా ఇదే. మీ రోజుల గురించి చెప్పండి, మాకు వినాలని ఉంది. చెబుతూ చెబుతూ, మా మాటల్లో స్వరం తప్పిన చోట మెల్లగా ఒక దెబ్బ తట్టండి. గట్టిగా కొడితే పాన్ పగిలిపోతుంది.